రికార్డు గదిలో తడి చప్పుడు

ఆ గదిని అందరూ నాకుడు గది అంటారు. బోర్డు మీద మాత్రం పాత రికార్డుల గది అని ఉంటుంది. యూనివర్సిటీ లైబ్రరీ కింద, మెట్లు దిగితే వస్తుంది. చీకటి పడ్డాక వెనక అరల్లోంచి, ఎవరో వేలు నాకి పేజీ తిప్పుతున్నట్టు చప్పుడు... చప్... చప్... విన్నవాళ్లు బోలెడుమంది. వెళ్లి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇది అక్కడ ఒక రాత్రి ఇరుక్కుపోయిన పిల్ల సంగతి. విన్నది విన్నట్టే చెబుతున్నాను. అన్నం తింటున్నవాళ్లు తర్వాత వినడం మంచిది.

చరిత్ర చదివే పిల్ల. దుమ్ము సోకితే ఆగకుండా తుమ్ముతుందని గేటు దగ్గర కాపలా కాసే తాత ఆమెకి తుమ్ములమ్మ అని పేరు పెట్టాడు. తెల్లారితే వ్యాసం ఇవ్వాలి. అది గట్టెక్కితే పరిశోధనలో సీటు, లేకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి.

వ్యాసం పాత జ్వరాల ఆసుపత్రి మీద. "అసలు పత్రాలు కళ్లారా చూసి రాయాలి" అని ప్రొఫెసర్ గారు ప్రతి ఏడూ చెబుతారు. ప్రతి ఏడూ అందరూ బుద్ధిగా తలూపుతారు. ఆ తర్వాత ఆయన పుస్తకంలోంచే ఎత్తిరాసి, కింద 'అసలు పత్రం చూశాను' అని దర్జాగా రాస్తారు. ఆయన తన మాటలు తానే చదువుకుని, మురిసిపోయి మార్కులేస్తారు. ఆ పుస్తకమైనా ఆయన సొంతమా? వాళ్ల గురువుగారి పుస్తకంలోంచి దిగిందే. రోగులు జ్వరంతో పోయారు, పెద్ద డాక్టరు దేవుడు... ఇంతే కథ. ఎంగిలి మీద ఎంగిలి!

తుమ్ములమ్మకి ఈ లౌక్యం తెలియదు. నిజంగానే అసలు కట్ట తీయించుకుని కూర్చుంది.

"పొద్దుపోయిందమ్మా," అన్నాడు తాత, టార్చి చేతికిస్తూ. గొంతు తగ్గించాడు. "చప్పుడొస్తే మాత్రం వెతక్కు... పైకొచ్చెయ్."

కట్ట విప్పగానే ముక్కిపోయిన వాసన గుప్పుమంది. పైన 'వంటమనిషి వాంగ్మూలం, మూడు పేజీలు' అని రాసి ఉంది. ఆమె మొదటి పేజీ ఎత్తిరాసుకోవడం మొదలుపెట్టింది.

'బియ్యంలో పురుగులు పారాడుతుంటే ఏరబోయాను. ఏరితే తూకం తగ్గుతుంది, అలాగే ఎసట్లో పొయ్యమన్నారు. జావ మీద తేలినవాటిని గరిటెతో లోపలికి అణిచి రోగులకు పోశాను. ఒక పసిదాని పెదవికి ఒకటి అంటుకుంటే చేత్తో తుడిచాను.'

తుమ్ములమ్మ పెన్ను పడేసి, నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని పైకి పరిగెత్తింది. కుళాయి కింద మొహం కడుక్కుని, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని దిగి వచ్చింది.

రెండో పేజీ లేదు. మూడోదీ లేదు.

మొదటి పేజీ అంచు ముట్టుకుంటే తడి. జిగటగా, గోరువెచ్చగా... ఉమ్మి. ఛీ అనుకుని వేలు గోడకి రుద్దింది. ఎంత రుద్దినా పోయినట్టు అనిపించలేదు.

అప్పుడు వినిపించింది. వెనక అరల్లోంచి... చప్... చప్...

పారిపోదామనే అనుకుంది. కానీ పేజీ పోతే వ్యాసం పోతుంది. పైగా తనే దొంగిలించిందంటారు. టార్చి గట్టిగా పట్టుకుని, తుమ్ము ఆపుకుంటూ, అరల మధ్యకి నడిచింది. ఒక వరస... ఇంకో వరస... చప్పుడు దగ్గరవుతోంది. నాకుతున్న చప్పుడు కాదది. నములుతున్న చప్పుడు.

టార్చి వేసింది.

మూలన, గోడకి ఆనుకుని, ప్రొఫెసర్ గారు.

దవడలు ఆడుతున్నాయి. పెదాల చివర నల్లటి సిరా చారికలు, గడ్డం మీద నానిన కాగితం ముద్ద. చేతిలో సగం చింపిన పేజీ. ఆ చింపిన అంచుని చీకి మెత్తబరుస్తున్నారు, బొత్తిగా పళ్లు లేనివాడిలా. ఇన్నాళ్లూ ఈ మనిషికా తను లేచి నిలబడి నమస్కారం పెట్టింది?

"సార్... ఏంటిది?"

"అరవకమ్మా," అన్నారాయన, నోట్లోది చెంపలోకి తోసుకుంటూ. "గేటు దగ్గర ఆ ముసలాడు నా జేబులు కూడా తడుముతాడు. పొట్ట తడమడుగా."

"తింటున్నారా?"

"మరేం చెయ్యమంటావు? ఇన్నేళ్లలో ఈ కట్ట అడిగినదానివి నువ్వొక్కదానివే. జ్వరం కాదు, ఆ జావ తాగే పోయారని ఇందులో ఉంది. నా పుస్తకం ఏమైపోవాలి?"

మిగిలిన సగం కూడా నోట్లో కుక్కుకున్నారు. ఆమె చూస్తుండగానే గొంతులో ఉండలా దిగింది.

"మూడో పేజీ కూడా తిన్నారా?"

"అందులో పేరుంది. ఎవరు అలా వండమన్నారో... అది నేను తినలేదు. మా గురువుగారు ఎప్పుడో తినేశారు. ఆయనే నేర్పారు నాకు." నాలుకతో పళ్ల సందులు తడుముకున్నారు. "నువ్వూ నేర్చుకోవచ్చు. సీటుకి నాది పూచీ."

"మీ గురువుగారు..."

"పోయారమ్మా. చాలా ఏళ్లయింది."

చప్... చప్...

ప్రొఫెసర్ నోరు ఆగిపోయి ఉంది. చప్పుడు ఆగలేదు.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇద్దరూ అటు తిరిగారు. ఇంకా లోపల, దీపం లేని వరసలో ఎవరో నములుతున్నారు... మింగబోతే దిగక, మళ్లీ నములుతున్నారు. తర్వాత దగ్గు. తర్వాత డోకు... పేగులు బయటికొచ్చేలా, పెద్ద డోకు.

చీకట్లోంచి తడి ముద్ద ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆమె చెప్పుకి తగిలి ఆగింది.

ప్రొఫెసర్ గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నారు. తుమ్ములమ్మ కూర్చుంది. రోత పుట్టింది. అయినా రెండు చేతులతో తీసుకుంది. పచ్చటి జొల్లు వేళ్ల మీద కారుతుంటే మడత మీద మడత విప్పింది. మూలన మూడు అంకె వేసి ఉంది. కింద, ఇంకా చెదరని సిరాతో మొదటి మాట.

'పురుగులు ఏరొద్దన్నవారి పేరు చెబుతాను. రాసుకోండి.'