ఎనిమిదో నూనెచుక్క

ఆ రోజు లక్ష్మీతులసికి ఆరేళ్ళు నిండుతాయి. రాజోలు దగ్గరి ఆ ఇంట్లో సాయంత్రం కేకు ఎంత పెద్దదైనా, పుట్టినరోజు మొదలయ్యేది తెల్లవారుజామున తలంటుతోనే. ముందు నేలమీద ఏడు నూనెచుక్కలు పెట్టి, ఏడుగురు చిరంజీవుల్నీ తలుచుకున్నాకే పిల్ల మాడుకి నూనె పెట్టాలి. ఏటా ఆ పని నాయనమ్మ మహాలక్ష్మమ్మది. ఆవిడ మాత్రం ఎనిమిది చుక్కలు పెట్టేది. పెద్దావిడకి లెక్క తప్పుతోందని కోడలు నాగదుర్గ కొంగు చాటున నవ్వుకునేది.

ఈసారి మహాలక్ష్మమ్మకి అమలాపురంలో కంటి ఆపరేషను అయింది. పొగ తగలకూడదని కట్టుతో వసారాలో మంచమ్మీదే ఉంది. తలంటు నాగదుర్గ మీద పడింది. కరెంటు లేదు. పెరటి స్నానాలగదిలో పొయ్యి మంట తప్ప వేరే వెలుగు లేదు. కొబ్బరిడొక్కల పొగ, కుంకుడురసం వాసన. నీళ్ళు పోసి లేపినా లేవని మొద్దునిద్ర పిల్ల, ఇవాళ పిలవకముందే వచ్చి పీట మీద కూర్చుంది. బుద్ధొచ్చిందని నాగదుర్గ మురిసిపోయింది. లెక్కపెట్టి మరీ ఏడు చుక్కలు పెట్టింది.

తల రుద్దుతుంటే ఇంట్లోంచి వినిపించింది.

"అమ్మా... నన్ను లేపలేదేంటి?"

తులసి గొంతు.

నాగదుర్గ చేతులు ఆగిపోయాయి. చేతుల కింద తల వెచ్చగా ఉంది.

"వెళ్ళకమ్మా," అంది పీట మీది పిల్ల గుసగుసగా. "అది నేను కాదు."

అదీ తులసి గొంతే.

వసారాలోంచి అత్తగారు నీరసంగా పిలిచింది. "దుర్గా... చుక్కలు ఎన్ని పెట్టేవమ్మా?"

"ఏడండీ."

అత్తగారు మంచమ్మీద లేచి కూర్చున్న చప్పుడైంది.

"ఎనిమిది పెట్టాలమ్మా. తులసితోపాటు పుట్టి, పొద్దెక్కకుండానే పోయిందే... ఆ ఎనిమిదోది దానికి. నువ్వు బెంగెట్టుకుంటావని చెప్పలేదు."

ఆ రెండో పిల్లని నాగదుర్గ కళ్ళారా చూడనైనా లేదు. కాన్పయ్యాక తనకి తెలివొచ్చేసరికే అంతా అయిపోయింది. ఆరేళ్ళుగా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఈ ఇద్దరిలో ఒకరే తన తులసి.

ఎవరు?

అడుగులు పెరట్లోకి వచ్చాయి. తలుపు మీద చిన్న చప్పుడు.

"అమ్మా, తలుపు తియ్యి... భయమేస్తోంది."

పీట మీది పిల్ల లేచి ఆమె నడుముని చుట్టేసింది. దాని గుండె దడదడలాడుతోంది. చచ్చినవాళ్ళకి గుండె కొట్టుకుంటుందా? ఒళ్ళింత వెచ్చగా ఉంటుందా?

నాగదుర్గ గడియ పెట్టేసింది. బిడ్డని పొట్టకి హత్తుకుని చెవులు మూసుకుంది. బయట ఏడుపు... తలుపు మీద గోళ్ళు... మళ్ళీ "అమ్మా" అని ఒక్క పిలుపు...

ఆ తర్వాత ఏమీ లేదు.

తెల్లగా తెల్లారాక తలుపు తీసింది. పెరట్లో ఎవరూ లేరు. వెలుగులో పిల్ల మొహం చూసింది. అదే ముక్కు, అవే చెంపలు. తులసే. నా తల్లే అంటూ ఒళ్ళంతా తడిమి, ముద్దులు పెట్టుకుని, భోరున ఏడ్చేసింది.

ఆరున్నరకి కువైట్ నుంచి పిల్ల తండ్రి ప్రకాష్ వీడియోకాల్ చేశాడు. డ్యూటీకి వెళ్ళే ముందు కూతుర్ని చూడాలని తొందర.

"హ్యాపీ బర్త్‌డే తల్లీ. నిన్న కింద పన్ను ఊడిందంటగా? నువ్వూ అమ్మా కలిసి కప్పు మీదకి విసిరేరంట. ఏదీ, నవ్వు... చూస్తాను."

పిల్ల ఫోనుకి మొహం దగ్గరగా పెట్టి నోరంతా తెరిచి నవ్వింది. కింది పళ్ళ వరసలో ఎక్కడా ఖాళీ లేదు.