పన్నెండో మెట్టు

బందరులో మా వీధి మేడ పేరు చెబితే, చీకటిపడ్డాక ఆటోవాళ్లు మలుపులోనే దించేసేవాళ్లు. "నడిచెళ్లండి, నాలుగడుగులే" అనేవాళ్లు. ఆ నాలుగడుగులూ వాళ్లు మాత్రం వెయ్యరు.

సందడికి లోటున్న వీధి కాదు లెండి. ఒకింట్లో కూచిపూడి గజ్జెలు, పక్కింట్లో ఎలీసబెతు గారి చర్చి పాటల ప్రాక్టీసు, ఎదురుగా కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లు, చివర్న నా రోల్డుగోల్డు కొట్టు. ఇంతమందిమి ఉన్నా, రాత్రిపూట ఆ మేడలోంచి టప్... టప్... అని వినపడితే అందరం టీవీ సౌండు పెంచేవాళ్లం. నేను దెయ్యాల్ని నమ్మను. కానీ సౌండు అందరికంటే ముందు పెంచేది నేనే.

ఒకప్పుడు అది అజీజ్ గారి కలంకారీ కార్ఖానా. అచ్చు వేస్తూ వేస్తూ ఆయన బల్ల దగ్గరే పోయారు. ఈమధ్య కొడుకు మజీద్ దాన్ని బాగుచేయించి, పాత సున్నం గోడలు అలాగే ఉంచి, లోపల టేకు మెట్లు వేయించి డూప్లెక్స్ చేశాడు. టు-లెట్ బోర్డు ఎనిమిది నెలలు వేలాడింది.

అప్పుడొచ్చింది హారిక. ముదినేపల్లి అమ్మాయి. విడాకులయ్యాయి, నాలుగేళ్ల పాప యశస్విని. అప్పటికే ఊళ్లో పది ఇళ్లు చూసింది. "మీవారు ఎక్కడ పనిచేస్తారమ్మా?" అన్న ప్రశ్న దగ్గరే అందరూ వెనక్కి తగ్గారు. మజీద్ ఒక్కడే ఏమీ అడగలేదు. తాళాలు చేతిలో పెట్టి, "మేడమీద గదిలో నా ట్రంకుపెట్టె ఒకటుంది, అది మాత్రం ఉండనివ్వండమ్మా" అన్నాడంతే.

ఇక్కణ్నుంచి హారిక చెప్పిందే చెబుతున్నాను. నేను కలిపిందేమీ లేదు.

మొదటి రాత్రి... కింది మెట్టు మీద, టప్. ఒక్కసారే. అచ్చు బట్టమీద పెట్టి వెనకనుంచి పిడికిలితో ఒక్కటి వేస్తారే — ఆ చప్పుడు. వెంటనే వాసన. పులిసిన బెల్లం, తుప్పు. బెల్లంలో ఇనుము నానేసి చేసే కలంకారీ నల్లరంగు వాసన అది.

రెండో రాత్రి రెండు దెబ్బలు. రెండోది, రెండో మెట్టు మీద.

మూడో రాత్రి మూడు...

అప్పుడు మెట్లు లెక్కపెట్టింది. పన్నెండు. పన్నెండోది దాటితే పాప పడుకునే గది.

ఏడో రోజు నా కొట్టుకొచ్చి చెప్పింది. అజీజ్ గారి సంగతి అప్పుడే నేను చెప్పాను. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మా ఇంటికొచ్చి పడుకోండమ్మా" అన్నాను.

"ఎన్నాళ్లు మావయ్య గారూ? ఒక్క రాత్రి బయటికొస్తే మళ్లీ లోపలికెళ్లే ధైర్యం నాకుండదు. ఇది పోతే ఇక మా అన్నయ్య ఇల్లే గతి. మా వదిన చూపు కంటే దెయ్యమే నయమండీ."

పన్నెండో రాత్రి బ్యాగు సర్దేసి, పై మెట్టు మీద కూర్చుంది. వెనక గదిలో పాప నిద్రపోతోంది. లైట్లన్నీ వేసే ఉంచింది. వెలుతురులో ఎవరూ కనపడకపోవడమే ఇంకా భయం వేసిందట.

టప్... టప్... ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పదకొండోది ఆమె పాదాల కిందే మోగింది.

"తాతయ్యా..." అంది. "పాపని ఏమీ చెయ్యొద్దు... మాకు ఇంకో ఇల్లు లేదు."

ఆగింది.

చాలాసేపు ఏమీ లేదు... తర్వాత పన్నెండోది. ఆమె పక్కనే. ఆ వాసన ఆమెను దాటుకుని గదిలోకి వెళ్లింది. ఒక్క పరుగున వెళ్లి పాపను గుండెలకి హత్తుకుంది. గది మూల, తాళం వేసిన ట్రంకుపెట్టెలోంచి — టప్.

అంతే.

తెల్లారగానే ఇల్లు ఖాళీ చేస్తానని మజీద్‌ని పిలిచింది. తోడుగా నన్నూ రమ్మంది. అంతా విని అతను నవ్వేశాడు.

"ఆ మెట్లు మా నాన్న అచ్చు బల్లలమ్మా. కోయించి వేయించాను. పాత టేకు, పైగా సముద్రపు గాలి. రాత్రి చల్లబడితే బిగుసుకుని టప్పుమంటుంది. బల్లలుగా ఉన్నప్పుడూ అంతే. వడ్రంగిని పంపుతాను."

నాకూ అదే నిజమనిపించింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

"మరి ఆ పెట్టెలో ఏముందండీ?" అంది హారిక.

అతని నవ్వు ఆగిపోయింది.

"మా చెల్లి జహీదా... మొగుడు వదిలేస్తే చంటిపిల్లతో ఇక్కడికే వచ్చింది. మేం అన్నదమ్ములం ఉండనివ్వలేదు. పరువన్నాం. ఆ పిల్ల కోసం నాన్న దుప్పటి అచ్చేస్తున్నాడు. అంచు మొదలెట్టిన మూలకే తిరిగొచ్చి కలిపేదాకా బల్ల దగ్గర్నుంచి లేవకూడదు, మా పనిలో పద్ధతి. ఇంకొక్క అచ్చు ఉందనగా పోయాడు. చెల్లి ఎటెళ్లిందో ఇప్పటికీ తెలీదు. అందుకే మిమ్మల్ని ఏమీ అడగలేదమ్మా... అడిగే మొహం లేదు."

ముగ్గురం మేడమీద గదిలోకెళ్లాం. అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. ఇరవై ఏళ్లుగా తియ్యని పెట్టె, మూత కిర్రుమంది. దుప్పటి విప్పి, ఖాళీ మూల చూపించబోయాడు.

ఖాళీ లేదు. అంచు కలిసిపోయి ఉంది.

మజీద్ ఆ మూలని బొటనవేలితో తాకాడు. వేలు పైకెత్తాడు. నల్లగా... తడిగా.

గది నిండా పులిసిన బెల్లం వాసన. మజీద్ నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. కాసేపటికి లేచి, ఆ దుప్పటి తీసుకెళ్లి, ఇంకా నిద్రపోతున్న యశస్విని మీద కప్పాడు.

హారిక బ్యాగు విప్పి, పాప గౌన్లు ఒక్కొక్కటే మళ్లీ కొక్కేలకు తగిలించింది.

ఇప్పుడు ఆ మేడలో ఏ చప్పుడూ లేదు. నేను మాత్రం టీవీ సౌండు ఇంకా తగ్గించలేదు.