అంచు కట్టని చాప

ఏడు అలలు దాటాక, ఎనిమిదో అల అలసి ఒడ్డు చేరే చోట సమోవా దీవులున్నాయి. అందులో ఒక చిన్న దీవిలో ఆడవాళ్లు మొగలి ఆకుల్ని ఉడికించి, సముద్రపు నీటిలో నానబెట్టి, ఎండలో తెల్లబరిచి, సన్నగా చీల్చి పట్టులాంటి చాపలు నేసేవారు. నేత ఒకరిది, అంచు కట్టడం ఇంకొకరిది. రెండు పనులకూ వేర్వేరు ధరలు. పున్నమికి వచ్చే వర్తకుల పడవకు చాపలు అమ్మితేనే ఇళ్లలోకి బట్టలూ, కత్తులూ, తిండీ వచ్చేవి.

ఒకనాడు ఆకుల్లోని మెత్తదనం మాయమైంది. ముట్టుకుంటే చాలు, అప్పడంలా విరిగేవి. పొదల్లోంచి తెల్లని పొగ లేచి దీవి అవతలి కొసనున్న మంటకొండ వైపు పోవడం చూసి, అది ఆ కొండ మీది రాక్షసుడి పనేనని తేల్చారు. పున్నమికి పది రోజులే ఉన్నాయి.

"నేను వెళ్లి తెస్తానమ్మమ్మా," అంది లాంగి అనే నేతపిల్ల.

అమ్మమ్మ తన దగ్గర మిగిలిన మెత్తని ఆకుల కట్ట ఇచ్చింది. "మొదటి ఆకు మడవకముందే ధర చెప్పు తల్లీ. మడిచాక అడగడం మన పద్ధతి కాదు."

పడవ నడపడానికి పొరుగింటి కుర్రాడు ఫేతూ వచ్చాడు. "పాట పాడనా?" అన్నాడు.

"తెడ్డు వెయ్యి చాలు. నీ పాటకు చేపలు వలస పోతాయి!" అంది లాంగి. అయినా అతను పాడాడు. ఆమె చెవులు మూసుకోలేదు.

దారిలో ఒక పెద్ద పీత అడ్డం పడింది. "అలలు నా పిల్లల్ని లాక్కుపోతున్నాయి. బుట్ట అల్లితేనే వదులుతా."

"ధర, దారి. రానూ పోనూ!" అని లాంగి బుట్ట అల్లింది.

కొండ కింద ఒక ముసలి పక్షి మంటల సెగకు తాళలేక విసనకర్ర అడిగింది.

"రెక్కలున్నాయిగా నీకు?"

"రెక్కలాడిస్తే గూడు ఎగిరిపోతోందే పిల్లా!"

లాంగి నవ్వి, శిఖరం దాకా మోయడమే ధర అని చెప్పి మరీ అల్లింది. ఫేతూ పడవ దగ్గరే ఉండిపోయాడు.

శిఖరం మీద రాక్షసుడు తెల్లని పొగలాంటి మెత్తదనం మీద దొర్లుతూ ఏడుస్తున్నాడు. "నూరేళ్లుగా నిద్ర లేదు. రాళ్లు గుచ్చుకుంటున్నాయని ఇది తెచ్చుకున్నా. పడుకుంటే జారిపోతోంది!"

లాంగి మనసు కరిగింది. "నేస్తేనే నిలుస్తుంది తాతా," అంటూ కూర్చుంది. ఆ పొగ తగలగానే ఒక్కో ఆకూ బారెడు సాగింది. పొద్దు వాలేసరికి చాప తయారైంది. అప్పుడు గుర్తొచ్చింది. "అయ్యో, ధర ముందే చెప్పలేదే! మడిచాక అడగకూడదు," అని నాలుక కరుచుకుంది.

"చెప్పలేదుగా!" అని రాక్షసుడు చంకలు గుద్దుకుంటూ చాప మీద వాలాడు. ఒక్కసారి దొర్లాడో లేదో, అంచులు ఊడి, అల్లిక విడిపోయి, వీపు రాళ్లకు తగిలింది. "అబ్బా! మోసం!"

"మోసం కాదు. నేత ఊరికే ఇచ్చేశాను, పొరపాటు నాదే. అంచు కట్టడం వేరే పని, దానికింకా చెయ్యి పెట్టలేదు. ధర ఇప్పుడే చెబుతున్నా. మా ఆకుల మెత్తదనమంతా తిరిగివ్వాలి."

రాక్షసుడు నడుము రుద్దుకుంటూ గొణిగాడు. "గడుసుదానివే! సరే. కాస్త గట్టిగా కట్టు తల్లీ."

లాంగి విడిపోయిన అల్లికను సర్ది, అంచు కట్టింది. తెల్లని పొగ మెల్లగా కొండ దిగి మొగలి పొదల్లో కలిసింది. రాక్షసుడు అప్పటికే గురక పెడుతున్నాడు.

పున్నమికి వర్తకుల పడవ నిండింది, ఇళ్లూ నిండాయి. ఆ తరువాత లాంగికీ ఫేతూకీ పెళ్లయింది. పెళ్లిచాపకు అంచు అమ్మమ్మే కట్టింది, ధరగా మనవరాలి చేత రెండు ముద్దులు ముందే పెట్టించుకుని.

ఇప్పటికీ ఆ దీవిలో కొండ వైపు ఉరిమితే, ఎండబెట్టిన ఆకుల్ని ఎవరూ లోపలికి తెచ్చుకోరు. "తాత పడుకున్నాడు," అని నవ్వుకుని నేసుకుంటూ ఉంటారు.