పంపు షెడ్డు దగ్గర దగ్గు

ఊరి చివర, బాదం తోటలు మొదలయ్యే చోట, ఎండిపోయిన బావి ఒకటుంది. దాని పక్కన రేకుల పంపు షెడ్డు. కాలిఫోర్నియాలోని ఆ లోయలో ఎవర్నడిగినా చెబుతారు, చీకటి పడ్డాక అటు పోవద్దని... అక్కడ దగ్గు వినిపిస్తుందని. ఎవరు దగ్గుతారో మాత్రం చెప్పరు. నేనూ ధైర్యం చేసి చూసొచ్చాను లెండి — పట్టపగలు, కారు దిగకుండా.

అసలు సంగతి ఎవరిస్తో అనే పాత తోటకూలీ ఒక్కడికే తెలుసు. ఆ దెయ్యాన్ని పుట్టించింది ఆయనే.

నడుం పడిపోయి తోట పని మానేశాక, ఊరి సంఘంవాళ్ళు ఆయనకో డబ్బా అప్పగించారు. గాలిలో దుమ్మెంతుందో కొలుస్తుందది. తీసుకెళ్ళి షెడ్డు గోడకి బిగించాడు. దుమ్ము ఎక్కువైతే ఫోనులో పటం మీద వాళ్ళ ఊరి చుక్క ఎర్రబడుతుంది, లేకపోతే పచ్చగా ఉంటుంది. కోతల్లో మూడు వారాలు ఎర్రగా చూపిస్తే చాలు, బాదం కాయలు ఊడ్చే యంత్రాల్ని ఇళ్ళకి దూరంగా జరపమని కౌంటీ అధికారుల్ని నిలదీస్తామన్నారు. ఎవరిస్తోకి కావలసింది అదే. భార్య ఒఫేలియా రాత్రంతా ఆ తోటలో రాలిన కాయలు పోగుచేసి, పగలు పడుకుంటుంది. పడుకున్నంతసేపూ దగ్గే.

డబ్బాని ఎవడైనా ఊడబీక్కుపోతాడేమోనని ఆయన భయం. అందుకని మంగలి షాపులో కూర్చుని కథ అల్లాడు — బావిలో పడి చచ్చిపోయిన కూలీ ఒకడు గొంతులో దుమ్ము దిగక రాత్రంతా దగ్గుతున్నాడని. దగ్గే ఎందుకంటే, ఆయనకి బాగా అలవాటైన చప్పుడు అదొక్కటే. వారం తిరక్కముందే మంగలి ఆ కథనే ఆయనకి చెప్పి, తన చెవులతో విన్నానని ఒట్టేశాడు.

కోతలు మొదలయ్యాయి. సాయంత్రం బయల్దేరిన యంత్రాలు తెల్లారేదాకా తిరిగేవి. దుమ్ముకి ఎదురిల్లు కనపడేది కాదు. మొదటి రెండు రాత్రులూ చుక్క ఎర్రగా వెలిగింది. మూడో రాత్రి... పచ్చ. నాలుగో రాత్రీ పచ్చే. రెండు వారాలైనా అంతే. కౌంటీ మొత్తంలో అంత శుభ్రమైన గాలి ఇంకెక్కడా లేదు.

పగలు వెళ్ళి చూస్తే డబ్బా భేషుగ్గా ఉంది. రాత్రి వెళ్ళి చూడొచ్చు కదా అంటారా? కథ తనదే అయినా, అందులో దెయ్యం ఉంది కదా మరి.

సంఘంవాళ్ళు ఫోను చేసి, ఇంకో వారం చూసి ఎర్రబడకపోతే కౌంటీ మాట వదిలేస్తామన్నారు. ఆ రాత్రి, ఒఫేలియా ఎప్పట్లాగే మొహానికి కట్టుకోవడానికని తలగడ గలీబు సంచిలో పెట్టుకుని పనికి వెళ్ళాక, ఎవరిస్తో టార్చి పట్టుకుని బయల్దేరాడు.

గాలి లేదు. తోటలో యంత్రాల హోరు. టార్చి వెలుతురు దుమ్ములో నాలుగడుగులు పోయి ఆగిపోతోంది. షెడ్డు దగ్గరికొచ్చేసరికి —

ఖళ్... ఖళ్...

ఇది నేను అల్లిందే కదా, అనుకున్నాడు. నేను అల్లిందే... అబద్ధమాడిన నోటితోనే మరియమ్మ తల్లిని తల్చుకున్నాడు.

గోడ మీద తెల్లగా ఏదో కదిలింది. తలకాయంత ఉంది. కింద ఒళ్ళు లేదు.

మళ్ళీ దగ్గు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది.

ఆ వరస ఆయనకి తెలుసు. పదిహేనేళ్ళుగా పక్కనే పడుకుని వింటున్నాడు.

"ఒఫేలియా..."

"టార్చి ఆపు. మేస్త్రీ చూస్తాడు." బోర్లించిన బకెట్ మీద నిలబడి ఉందామె. దుమ్ము దూరకుండా డబ్బాకి తలగడ గలీబు తొడుగుతోంది.

"నీ కోసమే కదే పెట్టానిది."

"తెలుసు." కాసేపు దగ్గింది. "చుక్క ఎర్రబడిందంటే మేస్త్రీ మమ్మల్ని కూలి లేకుండా ఇంటికి పొమ్మంటున్నాడయ్యా. మా ఆరోగ్యం మీద బెంగట. యంత్రాలు మాత్రం ఆగవు. ఆ రెండు రాత్రులూ తెల్లారేదాకా కారులో కూర్చున్నా, నీకు చెప్పలేక."

ఎవరిస్తో టార్చి ఆర్పేశాడు.

"ఈ ఎనిమిది వారాలు పోతే మిగిలిన ఏడాదంతా ఏం తింటాం? నీ చుక్కనా?" కొస ముడేస్తూ మెల్లగా అంది, "దెయ్యం ఉందని ఎవడూ ఇటు రాడు. ఎవడు పుట్టించాడో గానీ, పుణ్యాత్ముడు."

చీకట్లో ఆమె నవ్విందో లేదో తెలియలేదు.

"పై కొస అందట్లేదు," అంది. "నువ్వు పట్టుకో."

దుమ్ము గొంతులో గరగరలాడింది. టార్చి జేబులో పెట్టుకుని, ఎవరిస్తో పట్టుకున్నాడు.

ఇప్పటికీ పటం మీద ఆ ఊరి చుక్క నవనవలాడుతూ పచ్చగానే ఉంటుంది. దెయ్యమూ ఎక్కడికీ పోలేదు. కాకపోతే మంగలి ఈ మధ్య కథ కొంచెం మార్చాడు — షెడ్డు దగ్గర ఇప్పుడు రెండు గొంతులు దగ్గుతున్నాయట.