నూనె పట్టిన ఏడెన్ పాటలు

పోచంపల్లిలో తెల్లవారితే చాలు, ఇంటింటా మగ్గం చప్పుడు మొదలవుతుంది. అంజయ్య ఇంట్లో మాత్రం మగ్గం కంటే ముందు ఎవరో అరబ్బీ ఆడమనిషి గొంతెత్తేది. వెనకాలే ఏ ఊరివో తెలియని డోళ్లు మోగేవి. ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి లేచి కూర్చునేవారు. ఊళ్లోవాళ్లు మాత్రం "అంజయ్య ఇంట్ల అరబ్బోళ్ల పెండ్లి సురువైంది" అని నవ్వుకుంటూ వేపపుల్ల నోట్లో పెట్టుకునేవారు.

నూలుకు నూనె పట్టించి అంజయ్య నేసే నూనె రుమాళ్లు హైదరాబాదు వర్తకుడి చేతుల మీదుగా ఓడెక్కి అరబ్బు దేశంలోని ఏడెన్ రేవుకు పోయేవి. కూతురు మంజులత పుట్టిన ఏడాది ఆ వర్తకుడు ఏడెన్‌లో దుకాణం ఎత్తేసి వచ్చేశాడు. వస్తూ వస్తూ చేత్తో తిప్పే గ్రామఫోను, పెట్టెడు రికార్డులు తెచ్చి, తనకు పేరు తెచ్చిన నేతగాడివని అంజయ్యకు కానుకగా ఇచ్చాడు. దేశదేశాల ఓడలు ఆగే రేవు కదా, పాటలూ అన్ని దేశాలవే. మిస్రు అనే ఈజిప్టు దేశపు గాయని, ఆఫ్రికా ఒడ్డు డోళ్లు, స్పెయిన్ గిటారు, గ్రీకు నావికుల కోరస్. ఒక్క మాటకూ అర్థం తెలియకపోయినా ఇంటిల్లిపాదికీ ఆ పాటలన్నీ వచ్చు.

అందరికంటే ఎక్కువ వచ్చింది అంజయ్య తల్లి నర్సింగమ్మకు. రోజంతా ఆసు ముందు కూర్చుని, అర్ధచంద్రంలా పాతిన పుల్లల చుట్టూ నూలు పోసేది ఆమే. చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి, పాట లేకపోతే భుజం మొరాయిస్తుంది. అందుకే పాటలకు తనే పేర్లు పెట్టుకుంది. మిస్రు గాయనిది ఒంటెల పాట. నావికులది పడవోళ్ల పాట. స్పెయిన్ గిటారు మీద రెండు గొంతులు తగువులాడుకున్నట్టు వినిపిస్తుంది కనుక అది అత్తాకోడండ్ల పాట.

"అండ్ల అత్త గొంతే ఎక్కువ ఇనబడ్తది" అనేది కోడలు నిర్మలమ్మ, పొయ్యి దగ్గర నుంచే.

"కోడలు గొణుగుడు నీకు ఇనబడదులే" అనేది నర్సింగమ్మ. పాట తిరుగుతూనే ఉండేది.

ఈ పాటల మధ్య పెరిగిన మంజులత పట్నం హాస్టల్లో ఉండి చదువుకుని, రేడియో స్టేషన్‌లో గొంతు పరీక్ష నెగ్గింది. అక్కడి అధికారి రఘుపతి దేశదేశాల సంగీతం మీద వారం వారం ఒక కార్యక్రమం పెట్టబోతున్నాడు. దాన్ని నడిపే మనిషి కావాలి. "మా ఇంట్లో ఎవరి దగ్గరా లేని రికార్డులున్నాయి సార్" అని మంజులత గొప్పగా చెప్పింది. అయితే సోమవారం వాటిని తీసుకొచ్చి మాట్లాడి చూపించమని, అదే చివరి పరీక్ష అని ఆయన అన్నాడు. ఆ కొలువు కోసం పట్నం వాళ్లు ఇంకొందరు కూడా కాచుకుని ఉన్నారు.

ఆ సోమవారం పొద్దున్నే మంజులత తలదువ్వుకుని, రికార్డులు ఏరుకుందామని పెట్టె తెరిచింది. గుప్పుమని నువ్వుల నూనె వాసన కొట్టింది. చేతిలోకి తీసుకున్న రికార్డు జిగురుగా అంటుకుంది. దాని గీతలన్నీ బూడిదరంగు పొరతో పూడిపోయి ఉన్నాయి. గ్రామఫోను మీద పెడితే బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఇంకొకటి పెట్టింది, మరొకటి పెట్టింది. అన్నీ అంతే.

"అమ్మా! వీటిని ఎవరు ముట్టిండ్రు?"

నిర్మలమ్మ బిత్తరపోయి చూసింది. నర్సింగమ్మ మాత్రం మురిసిపోతూ ముందుకొచ్చింది.

"నేనే బిడ్డా. నిన్న మీరంతా సంతకు పోయినప్పుడు నూనె పట్టిచ్చిన. రుమాలు నూలుకు పట్టిచ్చినట్టే. ఆముదం కాయల బూడిద నీళ్లల్ల ముంచి, నూనె రాసి, నీడకు ఆరబెట్టిన."

మంజులత ముఖం ఎర్రబడింది. పట్నంలో పిల్ల ఒక్కతే ఎట్లా ఉంటుందని అవ్వ నాలుగు రోజులుగా కొంగు తడుపుకుంటున్న సంగతి గుర్తొచ్చింది.

"నేను పోవద్దనే గదా నీ మనసుల! ఆ మాట నా మొకం మీద చెప్తే అయిపోతుండె. గిట్ల ఎనకనుంచి ఎందుకు జేసినవ్?"

"మంజూ! ఎవలతోని మాట్లాడుతున్నవో తెలుస్తుందా?" అంజయ్య మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు.

"మరేం జెయ్యాలె బాపూ? నా కొలువు నూనెల గల్పింది!"

నర్సింగమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"నూనె పట్టిచ్చిన రుమాలు సముద్రం దాటినా రంగు ఇడువదు గద బిడ్డా. నువ్వు దూరం పోతున్నవు. రోజూ వాటిని తిప్పుతవు. అవి అరిగిపోతే నీకు తోడెవరుంటరని ఫికరైంది. నిన్నాపాలని కాదు, నా తల్లీ."

అంజయ్య తల్లి పక్కన చతికిలపడి మెల్లగా అన్నాడు.

"అవ్వా, అవి లక్కతోని జేసినయే. లక్కగాజును బూడిద నీళ్లల్ల ఏస్తే ఏమైతది?"

"కరిగిపోతది" అంది నర్సింగమ్మ. అన్నాక గానీ తను చేసిన పని ఆమెకు బోధపడలేదు. లేచి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లి ఆసు ముందు కూర్చుంది.

మంజులతకు ఏడుపు ఆగలేదు. రికార్డులు పోయినందుకు కొంత, అవ్వను అన్న మాటకు ఎక్కువ. ఎలా దగ్గరికి వెళ్లాలో తెలియక గుమ్మం పట్టుకుని నిలబడింది. నర్సింగమ్మ చెయ్యి అలవాటు కొద్దీ పుల్లల మీద తిరగడం మొదలుపెట్టింది. ఆ వెంటనే, ఆమెకు తెలియకుండానే, ముక్కులోంచి ఒంటెల పాట వచ్చింది. ఒకచోటికి రాగానే అదే ముక్కను మూడుసార్లు తిప్పి తిప్పి పాడి, గభాల్న ముందుకు దూకింది.

మంజులత ఏడుస్తూనే పకపక నవ్వింది. రికార్డు మీద గీత పడి ముల్లు ఎగిరే చోటు అది. అవ్వ గీతను కూడా కంఠతా పట్టేసింది!

చిన్నప్పటి నుంచీ తను విన్నది ఇదే. మిస్రు పాట అంటే తనకు గుర్తొచ్చేది అవ్వ చేతి ఊపు, అమ్మ గొణుగుడు, బాపు మగ్గం. ఒక్క ఉదుటున వెళ్లి అవ్వ ఒడిలో తల పెట్టుకుంది.

"తప్పయింది అవ్వా. నోటికొచ్చింది అన్న."

"అంటే అన్నవు తియ్. నేను మాత్రం తక్కువ పని జేసిన్నా?" నర్సింగమ్మ ఆమె తల నిమిరింది.

"అయితే లే. మంచి చీర కట్టుకో. బస్సుకు టైమయితుంది."

"యాడికే?"

"రేడియో టేషనుకు."

"నీకేమన్న పిచ్చా! నా గొంతు ఇని పట్నపోళ్లు రేడియోలు పగలగొట్టుకుంటరు!"

"పగిలితే కొత్తయి కొనుక్కుంటరు గని, నువ్వు నడువు" అంది నిర్మలమ్మ, అత్త పెట్టెలోంచి అప్పటికే చీర తీసి.

స్టేషన్‌లో రఘుపతి జరిగిందంతా విని తల పట్టుకున్నాడు. కాసేపు ఆలోచించి, సరే కానివ్వండి అన్నాడు. మంజులత మైకు ముందు కూర్చుని, నూనె రుమాళ్లు పోయిన దారినే ఈ పాటలు తమ ఇంటికి వచ్చిన సంగతి చెప్పింది. తర్వాత అవ్వ వైపు చూసింది. నర్సింగమ్మ బిగుసుకుపోయింది.

"చెయ్యి ఆడకుంటే పాట రాదే" అని గుసగుసగా అంది.

మంజులత తన రెండు చేతులూ చాచి, వేళ్లు విడదీసి అవ్వ ముందు పెట్టింది. నర్సింగమ్మకు అర్థమైంది. అలవాటుగా బొడ్డున దోపుకున్న నూలుకండె తీసి, మనవరాలి వేళ్ల చుట్టూ ఆసు పోయడం మొదలుపెట్టింది. చెయ్యి కదిలింది, గొంతు విచ్చుకుంది. ఒంటెల పాట వచ్చింది, ముల్లు ఎగిరే చోటుతో సహా. పడవోళ్ల పాట వచ్చింది. అత్తాకోడండ్ల పాటలో రెండు గొంతులూ తనే అయి పోట్లాడింది. పాటకూ పాటకూ నడుమ మంజులత చెబుతూ పోయింది, ఏ పాట ఏ సముద్రపు ఒడ్డుదో, దానికి తమ ఇంట్లో ఏ పేరో, ఆ పాట పెడితే నూలు ఎంత జోరుగా సాగేదో. గాజుపలక అవతల రఘుపతి ముందు నవ్వాడు, తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. "రికార్డులు ఎక్కడి నుంచైనా తెప్పించుకోవచ్చమ్మా. వాటిని ఇట్లా వినిపించే మనిషే నాకు దొరకలేదు. ఒకటో తారీకు నుంచి వచ్చెయ్. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు" అంటూ కాగితం, కలం చాచాడు.

మంజులత కలం అందుకోబోయింది. చేతులు రాలేదు. పది వేళ్లూ నూలులో చిక్కుకుని ఉన్నాయి. కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారుతుంటే తుడుచుకుందామన్నా వీలు లేదు.

"జర ఆగు సారూ" అంది నర్సింగమ్మ, కొంగుతో మనవరాలి కళ్లు ఒత్తుతూ. "తెంపొద్దు. నేనే మెల్లగ ఇడిపిస్త."