ఫాల్క్ పేరు మీద టెంకాయ

ఆదోని పత్తి మార్కెట్ యార్డులో ఒక ముసలి వ్యాపారి పత్తి పింజను రెండు బొటనవేళ్ల మధ్య లాగి చూస్తున్నాడు. ఉరుకుందు అతని దగ్గరికెళ్లి మెల్లగా అడిగాడు.

"సరుకు తడిసిందా అన్నా?"

"ఇంకా లేదు. తడిసేట్టుంది."

కోడ్ సరిపోయింది. వ్యాపారి వేషంలో ఉన్నది శేషన్న, సీక్రెట్ సర్వీస్‌లో దక్షిణాది చీఫ్. ఉరుకుందు ఆయన ఏజెంట్. ఎమ్మిగనూరు జనానికి మాత్రం అతను చేనేత తువాళ్లు ఎక్స్‌పోర్ట్ చేసే మనిషి.

"ఫాల్క్ అని ఒక విదేశీ ముఠా నాయకుడు," శేషన్న పింజ వైపే చూస్తూ చెప్పాడు. "ఎక్కడో కూర్చుని మన కాలువ గేట్లు ఎత్తే ప్రోగ్రామ్ తయారు చేశాడు. ఎల్లుండి వెనిస్ నుంచి దాన్ని కొనేవాళ్లకు డెమో చూపిస్తాడు."

"దేని మీద?"

"మన వైపు, రిపేర్లకు నీళ్లు ఆపిన కాలువ మీద. అడుగున కూలీలు ఉండగానే గేటు ఎత్తుతాడు. ఏ కాలువో తెలీదు."

"పనులన్నీ ఆపించండి."

"ఆపితే వాడు జాగ్రత్త పడతాడు. ఇంకో రోజు, ఇంకో చోట చేస్తాడు." శేషన్న ఒక పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెట్టాడు. "ఇది వాడి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే గేటు దిగిపోతుంది, ప్రోగ్రామ్ చచ్చిపోతుంది. రెండు రోజుల టూరిస్టులా వెళ్లు. అక్కడ మన ఏజెంట్ హేమ కలుస్తుంది."

ఉరుకుందుకు సొంతూరు కోసిగిలో ఉన్న అక్క ఈరమ్మ గుర్తొచ్చింది. ఈ ఏడు సుగ్గికని దూరాన కోతల కూలికి వలస పోకుండా ఊరి పక్కనే కాలువ పని దొరికిందని ఆమె ఎంత సంబరపడిందో! అదీ ఎండగట్టిన కాలువే. పనికి పోవద్దని ఒక్క మాట చెప్పాలని ఫోన్ తీశాడు. చెబితే ఆమె ఒక్కతే గట్టెక్కుతుంది. మరి పక్కనున్న వాళ్లు? నా అక్క బతికితే చాలా స్వామీ? ఫోన్ జేబులో పెట్టేశాడు.

బయల్దేరే ముందు ఉరుకుంద గుడికెళ్లి ఈరన్న స్వామికి మొక్కి, విభూతి పొట్లం వెంట తీసుకున్నాడు.

*

వెనిస్‌లో రోడ్లు లేవు. వీధి ఉండాల్సిన చోటల్లా నీళ్లే. మెడలో కెమెరా, నెత్తిన టోపీతో ఉరుకుందు రేవులో నిలబడి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు. ఇన్ని నీళ్లు ఈడ పోసి, మా దిక్కు చుక్క లేకుండా చేసినావు. ఇదేం లెక్క ఈరన్నా?

"ఉరుకుందకు బస్సు యాడ దొరుకుతాదన్నా?"

వెనక్కి తిరిగాడు. నల్ల కళ్లద్దాలు, ఎర్ర సిల్కు స్కార్ఫ్. చూసినవాళ్లు మళ్లీ చూసే మనిషి.

"బస్సు లేదమ్మా, పడవే," ఉరుకుందు కోడ్ జవాబు చెప్పాడు.

"నేను హేమ," నవ్వింది. "మాది గూడా మీ పక్కే అన్నా, కోసిగి. బోరింగు కాడ బిందె పెట్టుకొని క్యూలో పెరిగినా."

సొంత ఊరి మాట వినగానే ఉరుకుందు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ రేవు మెట్లు దిగారు. నాచు అంటి హేమ చెప్పు జారింది. ఆమె మంచినీళ్ల బాటిల్ తీసి చెప్పు మీద పోసుకుంది. మిగిలిన సగం బాటిల్ అలాగే కాలువలో ఒంపేసింది.

ఉరుకుందు నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

పొరబడుతున్నానా? ఊరు దాటినాక అలవాట్లు మారవా? కావచ్చు. కానీ ఇక్కడ పొరబడితే కాలువలో ఉన్నవాళ్లు పోతారు. కెమెరా సర్దుకునే నెపంతో అటు తిరిగి అసలు పెన్‌డ్రైవ్‌ను విభూతి పొట్లంలోకి దోపాడు. తువాళ్ల డిజైన్లున్న ఇంకో పెన్‌డ్రైవ్‌ను చొక్కా జేబులో వేసుకున్నాడు. చేతి గడియారం మీట నొక్కి, అక్కడి పోలీసులకు తానున్న చోటు తెలిసేలా సిగ్నల్ పంపాడు.

*

ఫాల్క్ దగ్గరికి దారి చూపిస్తానని హేమ ఎక్కించిన మోటార్ బోటు ఒక వంతెన కిందికి వెళ్లి ఆగింది. క్యాబిన్‌లో ల్యాప్‌టాప్ ముందు ఒక తెల్లజుట్టు మనిషి. ఫాల్క్! ఉరుకుందు వీపుకు పిస్టల్ తగిలింది. పట్టుకున్నది హేమ. ఆమె ఫాల్క్ మనిషే.

"సారీ అన్నా." ఆమె అతని జేబులు తడిమి పెన్‌డ్రైవ్ దొరకగానే కాలువలోకి విసిరేసింది. "ఈ పొట్లం ఏంది?"

"స్వామి విభూతి. అది మాత్రం పారేయకమ్మా."

"పెట్టుకో. ఇంక స్వామే నీకు దిక్కు," ఎగతాళిగా నవ్వింది.

ఫాల్క్ మీట నొక్కాడు. స్క్రీన్ మీద ఎండిన కాలువ, తట్టలు మోస్తున్న ఆడవాళ్లు. ఒకామె తలకు పసుపు గళ్ల తువాలు. తను ఎమ్మిగనూరులో నేయించి ఇచ్చిందే!

అక్క.

గేటు కదిలింది. కింద తెల్లగా నురగ.

అప్పుడే పక్కనుంచి పెద్ద పడవ పోయింది. అలకు బోటు ఊగి హేమ తూలింది. తప్పైతే మన్నించు స్వామీ! ఉరుకుందు పొట్లం చించి గుప్పెడు విభూతి ఇద్దరి కళ్లలో కొట్టాడు. పిస్టల్ పేలింది, గుండు క్యాబిన్ కప్పుకు తగిలింది. బూడిద వేళ్లతో పొట్లంలోని పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌కు తగిలించాడు.

గేటు ఇంకా లేస్తోంది. ఆడవాళ్లు తట్టలు పడేసి పరుగెత్తుతున్నారు. పసుపు తువాలు అందరికన్నా వెనక.

గేటు ఆగింది. మెల్లగా దిగింది. స్క్రీన్ నల్లబడింది.

పోలీసు బోట్లు వంతెనను చుట్టుముట్టాయి. బేడీలు వేస్తుంటే ఎర్రబడ్డ కళ్లతో హేమ అడిగింది. "నన్నెట్లా కనిపెట్టావు?"

"మంచినీళ్లు ఒంపేసినావు గదమ్మా. మా కోసిగిలో చెయ్యి కడిగిన నీళ్లు గూడా చెట్టుకు పోస్తారు."

అక్కకు ఫోన్ చేశాడు. చాలాసేపు మోగింది.

"రేయ్ ఉరుకుందూ, యాడుండావురా?"

"ఊరికే టూరు వచ్చినానక్కా. కాలువల ఊరికి. నువ్వెట్లుండావు?"

"ఈడ గూడా కాలువ పారిందిరా! ఎవురో గేటు ఎత్తి, అంతలోనే దించినారు. పానం అరచేతిలో పెట్టుకొని గట్టెక్కినాం. సూస్తే మోకాటి లోతే. మళ్లా దిగి అందరం బిందెలు నింపుకొన్యాం. ఆ గేటు ఎత్తిన పుణ్యాత్ముడు యాడున్నా సల్లగుండాలని ఈరన్నకు టెంకాయ మొక్కుకున్యా."

ఉరుకుందు కళ్లు తుడుచుకున్నాడు. ఎదురుగా పోలీసుల మధ్య కూర్చున్న ఫాల్క్ కోపంగా ఇంగ్లీషులో అడిగాడు, ఎవరామె, ఏమంటోందని.

"మా అక్క. నీ పేరు మీద టెంకాయ కొడుతుందట."