అత్తయ్య కొన్న హెల్మెట్

ఆ సాయంత్రం సంధ్యారాణి పొయ్యి వెలిగించలేదు. బజార్లో కొన్న కూరగాయల సంచి వంటింటి గడప దగ్గర పడేసింది పడేసినట్టే ఉంది. వీధి అరుగు మీద కూర్చున్న అత్తగారు అచ్చియ్యమ్మ లోపలికి తొంగిచూసి, "ఏటే సంధ్యా, ఒంట్లో బాగునేదేటి?" అని అడిగింది.

"ఏటీ నేదత్తయ్యా... ఎండలో తిరిగొచ్చేను కదా, నీరసంగా ఉంది" అంది కోడలు.

ఎండకొచ్చిన నీరసమైతే గ్లాసుడు మజ్జిగతో పోయేది. ఆమెకు తగిలిన దెబ్బ వేరు. చోడవరం బజారు నుంచి షేర్ ఆటోలో వస్తుంటే, పక్కనుంచి ఒక బండి దూసుకుపోయింది. ఎదురుగా లోడు చెరకుతో ట్రాక్టరు వస్తోంది. ఆ ట్రాక్టరుకీ రోడ్డు అంచుకీ మధ్య ఉన్న సందులోంచి బండి ఎలా తప్పుకుందో ఆ దేవుడికే తెలియాలి. బండి మీద ఉన్నది ఎవరో కాదు, తన భర్త గౌరీశంకర్. తల మీద హెల్మెట్ లేదు. అది మోచేతికి తగిలించి ఉంది! ఆటోలో పక్కన కూర్చున్నావిడ, "ఆయన మీ ఇంటాయన కాదేటి?" అని అడిగితే సంధ్యారాణి ఆవిడ మొహం చూడకుండా "కాదండీ" అనేసింది. కట్టుకున్నవాడిని కాదనిపించిన ఆ హెల్మెట్ మీద ఆమెకి ఎంత కోపం వచ్చిందో, అంతకు రెండింతలు ఆయన మీద వచ్చింది.

ఎందుకు రాదు మరి? ఆ ఇంట్లో హెల్మెట్ అంటే మామూలు వస్తువు కాదు. కిందటి ఏడు క్రషింగు రోజుల్లో మామగారు గణపతిరావు గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలించి, మోపెడ్ మీద ఇంటికి వస్తూ, కుక్క అడ్డం వస్తే పడిపోయాడు. ఒంటి మీద ఎక్కడా గీత పడలేదు. చొక్కా కూడా నలగలేదు. తలకే తగిలింది. పెద్దాసుపత్రిలో నాలుగు రోజులుండి కన్నుమూశాడు. డాక్టరు చెప్పిన మాట ఒక్కటే, హెల్మెట్ ఉంటే బతికేవాడని. ఆయన హెల్మెట్ అదే సమయానికి ఇంట్లో బీరువా మీద, ప్లాస్టిక్ కవరైనా ఊడదీయకుండా భద్రంగా ఉంది...

పెద్దకార్యం అయ్యాక అచ్చియ్యమ్మను నిద్ర చెయ్యడానికి అనకాపల్లిలో ఉన్న తమ్ముడింటికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చే రోజున ఆవిడ బస్టాండుకి పోనివ్వలేదు. కొడుకుని వెంటబెట్టుకుని నేరుగా హెల్మెట్ల కొట్టుకి వెళ్ళింది. బొట్టు చెరిగిన నుదురు, వాచిపోయిన కళ్ళు చూసి కొట్టువాడే లేచి నిలబడ్డాడట. ఆవిడ తన చేత్తో ఒక్కొక్కటీ కొడుకు తలకి పెట్టి చూసి, అన్నింటిలోకీ బరువైనది, నల్లనిది, బాగా పట్టి ఉండేది ఎంచుకుంది. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం దాన్ని కొంగుతో తుడిచి, కొడుకు తలకి తనే పెట్టి, గడ్డం కింద బకిల్ తనే నొక్కుతుంది. ఆ టక్కుమనే చప్పుడు విన్నాకే ఆవిడ ఆ పూట మంచినీళ్ళు ముట్టేది.

ఆ తల్లిని ఇలా మోసం చెయ్యడానికి ఆయనకు చేతులెలా వచ్చాయి? మూడో క్లాసు చదివే చిన్నారి గుర్తు రాలేదా? తను గుర్తు రాలేదా? సంధ్యారాణి కళ్ళు తుడుచుకుని, ఈ రోజుతో ఈ సంగతి తేల్చెయ్యాలని పెరట్లోకి వెళ్ళి కుళాయి దగ్గర నిలబడింది.

కాసేపటికి బండి చప్పుడు వినిపించింది. రోజూ లాగే వీధి మలుపులో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. గేరు మార్చుకుంటున్నాడు కాబోలనుకునేది ఇన్నాళ్ళూ, పిచ్చిమొహం తను! ఆ క్షణంలో ఆయన ఏం చేస్తున్నాడో ఇప్పుడు అర్థమైంది. గుమ్మంలోకి వచ్చేసరికి హెల్మెట్ తల మీద ఉంది. అచ్చియ్యమ్మ ముఖంలో అలవాటైన తేలిక కనిపించింది.

గౌరీశంకర్ డ్రిప్పు పైపుల కంపెనీలో ఫీల్డ్‌మేన్. రావికమతం, కె.కోటపాడు ఊళ్ళన్నీ బండి మీదే తిరగాలి. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చిన భర్తను సంధ్యారాణి ఇంకేమీ అడగలేదు.

"బజారు నుంచి వస్తూ మిమ్మల్ని సూసేను" అంది.

ఆయన చేతిలో చెంబు ఆగిపోయింది. అబద్ధం చెబుతాడేమోనని ఆమె చూసింది. చెప్పలేదు. నుదుటి మీద పడిన జుట్టు పైకి తోసి, "ఇలగ సూడు" అన్నాడు. నుదురంతా అడ్డంగా ఎర్రటి చార, అక్కడక్కడ చర్మం కమిలి నల్లబడింది. చెవుల పైన కూడా అదే.

"ఆ హెల్మెట్ నాకు పట్టదు సంధ్యా. ఎట్టుకుని అర కిలోమీటరు ఎల్తే కణతలు పగిలిపోతాయి. కళ్ళు బైర్లు కమ్ముతాయి. మాత్ర ఏసుకుని తిరిగేను కొన్నాళ్ళు. ఒకరోజు కోటపాడు దారిలో కళ్ళు తిరిగి బండి ఆపేసేను. అప్పుడినుంచీ..."

"మరి సెప్పొచ్చు కదా? ఏరేది కొనుక్కోవచ్చు కదా?"

"ఎవులికి సెప్పాలి? అమ్మకా?" ఆయన గొంతు తగ్గించాడు. "నాన్న పోయేక ఆవిడ నవ్విన మొకం నేను సూడనేదు. రోజుకొక్కసారి, ఆ బకిల్ నొక్కినప్పుడు మాత్రమే కాస్త తేటగా ఉంటాది. నువ్వు కొన్నది పనికిరాదమ్మా అని ఏ నోటితో సెప్పమంటావు? నువ్వూ సెప్పకు. నా మీద ఒట్టు."

సంధ్యారాణికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. దాని చోట భయం వచ్చి కూర్చుంది. తల్లి బాధపడుతుందని తలకి రక్షణ లేకుండా తిరిగే కొడుకు! కొడుకు క్షేమంగా ఉన్నాడనుకుని మురిసిపోయే తల్లి! వీళ్ళిద్దరి ప్రేమలూ కలిసి రేపు తన పసుపుకుంకాలకు ఎసరు పెట్టేలా ఉన్నాయి.

"మీ ఒట్టు మీరే ఉంచుకోండి" అంది నెమ్మదిగా. "పొద్దున్న అత్తయ్యకి నేనే సెప్తాను. ఆవిడ ఏడిస్తే ఓదార్చుకుంటాను. నన్ను తిడితే పడతాను. మీరు మాత్రం రేపు ఉత్త తలతో ఈ గుమ్మం దాటరు."

మర్నాడు ఉదయం అచ్చియ్యమ్మ ఎప్పటిలాగే హెల్మెట్ తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కొడుకు తల వంచాడు. సంధ్యారాణి మధ్యలోకి వచ్చి, అత్తగారి చేతుల్లోని హెల్మెట్‌ని పట్టుకుంది.

"అత్తయ్యా, ఇది ఆయనకి సరిపోదు. ఇది ఎట్టుకోవడం నేదు ఆయన. మలుపు తిరగ్గానే తీసేస్తన్నారు."

అచ్చియ్యమ్మ ముందు ఆ మాట నమ్మలేదు. నమ్మకపోయినా ఊరుకుంటే బాగుండేది. "ఏటే?" అంది, ముఖం జేవురించింది. "ఆడి నెత్తి మీద నా చెయ్యి ఉంటే నీకెందుకే కడుపుమంట? పెద్దోణ్ణి మింగేసింది సాల్దా ఆ రోడ్డు? నా కొడుకు నెత్తి మీదున్నది కూడా లాగెస్తావేటి నువ్వు?"

గౌరీశంకర్ "అమ్మా" అనబోయాడు. సంధ్యారాణి వద్దన్నట్టు చూసింది. ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. పుట్టింటివాళ్ళు కూడా ఎన్నడూ అనని మాట అది. మామగారు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన మలమూత్రాలు ఎత్తిపోసిన కోడలు తను. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. అయినా హెల్మెట్ మాత్రం వదల్లేదు.

"నన్నెన్నైనా అనండి అత్తయ్యా, పడతాను. కానీ ఇయ్యాల మీ చేత్తోనే ఎట్టండి. రోజూ లాగ పైన పెట్టి బకిల్ నొక్కీడం కాదు. లోపలికంటా ఎట్టి, నుదురు దగ్గర మీ ఏలు దూర్చి సూడండి. ఏలు దూరితే నేను మీ కాళ్ళ మీద పడతాను."

అచ్చియ్యమ్మ విసురుగా హెల్మెట్ లాక్కుని కొడుకు తలకి పెట్టింది. సగం దాకా వెళ్ళింది. నొక్కింది. గౌరీశంకర్ పళ్ళు బిగబట్టాడు. ఇంకా నొక్కితే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలు కాదు కదా, గోరు కూడా దూరలేదు. ఆవిడ చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఆ రోజు... బాగా పట్టింది కదరా..." అంది అయోమయంగా. "అనకాపిల్లిలో నా చేత్తోనే ఎట్టి సూసేను కదా. ఎన్నలా జారింది కదా..."

 ఆవిడ హెల్మెట్ పైకి తీసింది. కొడుకు తలకేసి చూసింది. దువ్వితే దువ్వెన పళ్ళు విరిగే ఒత్తయిన రింగుల జుట్టు. చిన్నప్పుడు నూనె రాసి రాసి తనే పెంచిన జుట్టు. తండ్రి చితికి నిప్పు పెట్టిన కొడుకు, కర్మనాడు ఆ జుట్టంతా తీయించేశాడు. ఆవిడ అనకాపల్లిలో కొలత చూసింది ఆ నున్నటి గుండు మీద!

"గుండు మీద కొన్నాను" అంది అచ్చియ్యమ్మ, తనలో తనే అనుకుంటున్నట్టు. రెండు చేతుల వేళ్ళూ కొడుకు జుట్టులోకి పోనిచ్చింది. "ఇంత జుట్టు ఎప్పుడొచ్చిందిరా నీకు? రోజూ నీ నెత్తి నా చేతుల్లోనే ఉంటంది... మీ నాన పోయిన్నాటినుంచి నాను నీ మొకం సూణ్ణేదురా శంకరా. నా బయం నానే సూసుకున్నాను. అదే నీ నెత్తినెట్టి తోలేసేను."

గౌరీశంకర్ తల్లి భుజం మీద తల వాల్చి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. తండ్రి పోయినప్పుడు, నలుగురికీ ధైర్యం చెప్పే హడావుడిలో ఆయన సరిగ్గా ఏడవనేలేదు. సంధ్యారాణి ఆ తల్లీకొడుకుల్ని కాసేపు ఏడవనిచ్చింది. ఏడుపు అయ్యాక కాఫీ ఇచ్చింది. కాఫీ అయ్యాక, "ఇంక లెండి, హెల్మెట్ల కొట్టు తీసే ఏళయ్యింది" అంది. ఆమె లెక్కలో ఏడుపులకీ ఒక హద్దు ఉంది మరి.

ఆ రోజు గౌరీశంకర్ సెలవు పెట్టాడు. చిన్నారి బడికి వెళ్ళాక ముగ్గురూ ఆటోలో చోడవరం బజారులోని శివాజీ కొట్టుకి వెళ్ళారు. శివాజీ కుర్రవాడే గానీ ఓపిక ఉన్నవాడు. అతని ఓపికకి ఆ పూట అచ్చియ్యమ్మ అసలైన పరీక్ష పెట్టింది.

"ముందు జేబులో దువ్వెన్న తియ్యి బాబూ" అంది కొడుకుతో. "రోజూ డ్యూటీకి ఎలగెల్తావో అలగ దువ్వుకో. అలగే ఎట్టి సూడాల."

శివాజీ ఒక్కొక్కటే దించాడు. బుగ్గలకి ఆనుకోవాలి గానీ నొక్కెయ్యకూడదని చెప్పాడు. తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ తలతో పాటు తిరగాలి గానీ విడిగా తిరగకూడదన్నాడు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలన్నాడు. అచ్చియ్యమ్మ అన్నీ విని, అన్నీ తన చేత్తో చేసి చూసింది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. గౌరీశంకర్ కళ్ళు మాత్రం పైవరసలో ఉన్న తెల్లటిదాని మీదే ఉన్నాయి. గాలి ఆడడానికి ముందు చిన్న కంతలు, పక్కలకి నీలం చారలు, చూడ్డానికి పెళ్ళికొడుకు సోకు! కానీ తల్లి ముందు అడగడానికి సిగ్గు.

సంధ్యారాణి ఆ చూపు పట్టేసింది. "అదీ దించండి" అంది.

"ఆ రంగులేటి సంధ్యా" అని గౌరీశంకర్ బెట్టు చేశాడు.

"ఉండనీరా" అంది అచ్చియ్యమ్మ. "తెలుపైతే ఎండకి సలవ. సీకట్లో ఎదుటోడికీ కనిపిస్తాది. సోకుగా ఉంటే మరీ మంచిది, అద్దంలో సూసుకుని మురిసిపోయి నెత్తిమీంచి తియ్యడు."

శివాజీ నవ్వేశాడు. సంధ్యారాణి కూడా నవ్వింది. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వలేదు, ఆవిడ పని ఇంకా కాలేదు. తెల్ల హెల్మెట్ కొడుకు తలకి పెట్టించి, స్టూలు మీద కూర్చోబెట్టి, టీ తెప్పించుకుని, నింపాదిగా ఊదుకుంటూ తాగింది. అంతసేపూ తియ్యనివ్వలేదు. టీ అయ్యాక హెల్మెట్ తీయించి, నుదురు వెలుతురుకి తిప్పి చూసింది. కొత్త చార ఏదీ పడలేదు. "నెప్పుందేటి? నా మీద ప్రేమతో అబద్ధాలాడకు, నిజం సెప్పు" అంది.

"నేదమ్మా. ఉన్నట్టే నేదు" అన్నాడు కొడుకు.

అప్పుడు ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, తలుపు దగ్గర నిలబడ్డ కోడలి వైపు తిరిగింది.

"నువ్విలగ రాయే."

"నాకెందుకత్తయ్యా?"

"ఎందుకేటి? ఆదివారం ఆదివారం ఆడెనకాల బండెక్కవా? రోడ్డుకి ముందు కూకున్నోడెవడో, ఎనక కూకున్నదెవత్తో తెలుస్తాదేటి? ఆడి నెత్తి గురించి నువ్వు ఏడ్చేవు, నాను ఏడ్చేను. నీ నెత్తి గురించి ఈ ఇంట్లో ఎవులేడ్చేరే?"

సంధ్యారాణికి అత్తగారు పొద్దున్న అన్న మాట ఇంకా లోపల మండుతూనే ఉంది. దాన్ని దాచుకుని, మొహం పక్కకు తిప్పుకుని, శివాజీ ఇచ్చిన చిన్న హెల్మెట్ తీసుకుని తలకి పెట్టుకోబోయింది. వెనక ముడి, ముడికి పెట్టిన పెద్ద క్లిప్పు అడ్డం వచ్చి అది దిగలేదు. "పోనీండి, తరవాత సూద్దాం" అని వెనక్కి ఇచ్చేయబోయింది.

"ఎవులికి తరవాత?" అంది అచ్చియ్యమ్మ. కోడలి చెయ్యి పట్టుకుని, కొడుకు లేచిన స్టూలు మీద కూర్చోబెట్టింది. నలుగురూ చూస్తున్నారన్న సంగతే పట్టించుకోలేదు. క్లిప్పు తీసి శివాజీ బల్ల మీద పెట్టింది. ముడి విప్పింది. వేళ్ళతోనే చిక్కు తీస్తూ, మెడ మీదికి వాలేలా వదులుగా జడ అల్లడం మొదలుపెట్టింది. 

"పొద్దున్న నాను నిన్ను అనరాని మాటన్నాను" అంది వంగి, కోడలికి మాత్రమే వినబడేలా. "నువ్వు ఊరుకునుంటే నా కొడుకు ఏవయ్యేవోడో... ఇంత సక్కని జుట్టే నీది. ఒక్కరోజైనా దువ్వినానేటి నాను?"

సంధ్యారాణి ఒడిలో పడ్డ కన్నీటి చుక్కను చీర మీద వేలితో రుద్దుకుంటూ కూర్చుంది.

జడ పూర్తయింది. అచ్చియ్యమ్మ హెల్మెట్ అందుకుని కోడలి తలకి పెట్టింది. సాఫీగా దిగింది. నుదురు దగ్గర వేలు దూర్చి చూసింది, పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి చూసింది. అప్పటికిగానీ బకిల్ నొక్కలేదు.

"రేపట్నుంచి ముడి మానెయ్యి" అంది. "పొద్దున్నే నా దగ్గర కూకో. నానే అల్తాను."